రెండుసార్లు చెప్పిన మనిషి

నేను ఇప్పుడు విమానం నడపను. ఇంజన్ల మోతకు కుడిచెవి దెబ్బతిన్నది. వైద్య పరీక్షలో అది బయటపడ్డాక యూనిఫాం మడిచి బీరువాలో పెట్టేసి, మద్రాసు పక్కన పల్లవరంలో పైలట్ పరీక్షలకు చదివేవాళ్లకు పాఠాలు చెప్పుకుంటున్నాను. నా తరగతిలో ఎక్కువమంది ఇరవై ఏళ్ల పిల్లలే. ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరో ముగ్గురో పెద్దవాళ్లు కూడా ఉంటారు. వెనక వరసలో వీపు నిటారుగా పెట్టి కూర్చుంటారు. చెప్పులు వేసుకొచ్చినా నడకలో బూట్లు కనిపిస్తాయి. సైన్యంలోనో వాయుసేనలోనో నౌకాదళంలోనో విమానాలు నడిపి, ఇప్పుడు సివిల్ లైసెన్స్ కోసం మళ్లీ పుస్తకం పట్టినవాళ్లు.

టీ విరామంలో వాళ్లు నన్ను అడిగేది ఒకటే. "మేడమ్, మీరూ వాయుసేన నుంచి వచ్చినవారే కదా. చిన్న కంపెనీలో చేరి కొన్నాళ్లు నడిపితే పెద్ద కంపెనీ తీసుకుంటుందా?"

తీసుకుంటుందని చెప్తాను. అది అబద్ధం కాదు. నాతో వచ్చినవాళ్లు చాలామంది అలాగే వెళ్లారు, ఇప్పుడు ఖండాలు దాటి పోతున్నారు. వెళ్లలేకపోయిన ఒక మనిషి సంగతి మాత్రం తరగతిలో చెప్పను. టీ చల్లారిపోతుంది, పైగా వాళ్లకు మర్నాడు పరీక్ష ఉంటుంది. ఇక్కడ రాస్తున్నాను. తీరిక ఉన్నప్పుడు చదువుకోండి.

మాది మద్రాసులో చూలై. నాన్నకు అక్కడ స్టీలు సామాన్ల టోకు వ్యాపారం. మా ఇంట్లో మగపిల్లలు కూడా అంగడి వదిలి వేరే ఉద్యోగానికి పోలేదు. నేను వాయుసేనలో చేరతానంటే నాన్న అడ్డం చెప్పలేదు కానీ, "ఆడ నిన్నెవురు చూసుకుంటారే?" అని మాత్రం అడిగారు. చూసుకున్న మనిషి, నేను చెప్పబోయే ఈయనే.

హైదరాబాద్ బయట అకాడమీలో ఆయన మాకు శిక్షకుడు. గూడూరు దగ్గరి మనిషి. యుద్ధ విమానాలు నడుపుతూ శిక్షణ ఇవ్వడానికి అక్కడికి వచ్చారు. నేను ఫోన్లో మా అమ్మతో మాట్లాడుతుంటే ఒకసారి విని, "నీది తెలుగా అరవమా?" అని నవ్వారు. అంతకుమించి మాట్లాడింది తక్కువ. మిగతా శిక్షకులు గాల్లో అరిచేవాళ్లు. ఈయన వెనక సీట్లో మౌనంగా ఉండేవారు. ఆ మౌనం కంటే అరుపులే నయమనిపించేది. దిగాక ఒక్క మాట చెప్పేవారు. "నోటికి పని తగ్గించు. చేతులకు పని చెప్పు."

ల్యాండింగ్ నాకు ఎంతకీ కుదరలేదు. ఇంటికి పంపించేస్తారని అందరూ అనుకుంటున్న రోజుల్లో ఆయన నన్ను మరోసారి పైకి తీసుకెళ్లారు. దిగేటప్పుడు అద్దంలోకి చూశాను. వెనక సీట్లో ఆయన రెండు చేతులూ పైకెత్తి పెట్టుకుని ఉన్నారు. నేను సాయం చెయ్యడం లేదు, ఇదంతా నువ్వే చేస్తున్నావు అని చూపించడం అది. ఆ రోజు దింపాను. నా ఉద్యోగ జీవితమంతా ఆ రన్‌వే మీదనే మొదలైంది.

నేను రవాణా విమానాలు నడిపాను. నా సర్వీసు గడువు ముగిశాక మద్రాసు వచ్చి, చిన్న ఊళ్లకు తిరిగే ఒక చిన్న కంపెనీలో చేరాను. రెండు ప్రొపెల్లర్ల విమానాలు, పొట్టి రన్‌వేలు, రోజుకు నాలుగైదుసార్లు ఎక్కడం దిగడం. నాతో చేరినవాళ్లు ఒక్కొక్కరే పెద్ద కంపెనీలకు పోయారు. నాకు ఆ చిన్న ఊళ్లు నచ్చాయి. అమ్మ మంచాన ఉండేది కాబట్టి, రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగం కావాలి కూడా. అలా అక్కడే కెప్టెన్‌నయ్యాను, తర్వాత కొత్తవాళ్లకు నేర్పే ట్రైనింగ్ కెప్టెన్‌నయ్యాను.

ఒక ఉదయం మీనంబాక్కం విమానాశ్రయంలో మా శిక్షణ గదిలోకి వెళ్లేసరికి, కుర్రవాళ్ల మధ్య నుంచి ఒక పెద్దమనిషి లేచి అటెన్షన్‌లో నిలబడ్డారు. జుట్టు బాగా నెరిసింది. "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నారు. పక్కనున్న పిల్లలు నవ్వు ఆపుకుంటున్నారు. అకాడమీలో నాకు నేర్పిన ఆయనే.

"సార్, మీరు... కూర్చోండి సార్."

దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినిపించేలా అన్నారు. "ఈడ నువ్వే సారమ్మా. నన్ను కూర్చోమని ఆర్డరెయ్యి."

సంగతి తర్వాత తెలిసింది. వాయుసేనలో ఆయనకు పై హోదా రాలేదు. చివరి కొన్నేళ్లు ఆఫీసులో కుర్చీకే అతుక్కున్నారు. యాభై దాటాక బయటికి వచ్చారు. యుద్ధ విమానాలు నడిపినవాళ్లకు ఒక చిక్కు ఉంది. వాళ్లు ఎగిరేది కొద్దిసేపు. ఎంత ప్రాణాంతకమైన పని చేసినా గంటల లెక్కలో అది చిన్నదే. పెద్ద కంపెనీలకు ఎగిరిన గంటలు కావాలి, అవీ ఇద్దరు పైలట్లుండే విమానం మీద కావాలి. అందుకని ఆయన మా దగ్గరికి వచ్చారు. ఆకాశంలో ఒంటరిగా శత్రువును వెతికిన మనిషి, కో-పైలట్‌గా మా విమానంలో కుడిపక్క సీట్లో కూర్చోవడానికి పిల్లలతో కలిసి పరీక్షలు రాసి మరీ వచ్చారు.

విమానం నడపడంలో ఆయనకు నేర్పాల్సింది ఏమీ లేదు. గాలి ఎటు విసిరినా, చిన్న ఊళ్ల రన్‌వే మీద మంచం మీద దుప్పటి పరిచినట్టు దింపేవారు. ఇబ్బంది మాటతోనే. ఇద్దరు పైలట్ల విమానంలో సగం పని నోటితో జరుగుతుంది. ఒకరు నడుపుతారు, రెండోవారు కనిపెట్టి చూస్తూ, చూసింది పైకి చెప్పాలి. ఆయన చెప్పేవారు కాదు, చేసేసేవారు. ఒకసారి విజయవాడ వెళ్తుండగా ఎత్తు చూపే పరికరం నా వైపుది నేను తప్పుగా సరిచేశాను. ఆయన గమనించారు. ఒక్క మాట అనకుండా చెయ్యి చాపి, నా పక్కనున్న మీటను తనే తిప్పేశారు.

దిగాక అడిగాను. "సార్, నా వైపు తప్పుంటే నాకు చెప్పాలి."

"చెప్పేలోపల అయిపోతుంది కదమ్మా."

"మీరేం చేశారో నాకు తెలియకపోతే ఏదో ఒకరోజు ఇద్దరం చెరోపక్కకు లాగుతాం సార్."

"నోరు మూసుకో, పని చెయ్ అని నీకు చెప్పింది నేనే కదా" అని నవ్వారు. "ఇన్నేళ్లు మూసుకోనుండిన నోరు. తెరిచేది నువ్వు నేర్పాల."

నేర్పాను. లేదు, ఆయనే నేర్చుకున్నారు. కోడంబాక్కంలో ఒక మేడమీద వాటా అద్దెకు తీసుకున్నారు. నేను వెళ్లేసరికి భోజనాల బల్ల దగ్గర రెండు కుర్చీలు పక్కపక్కన వేసి, ఎడమ కుర్చీలో వాళ్లావిడ కెప్టెన్‌గా కూర్చుని ఉండేది. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. కళ్లజోడు పెట్టుకుని ఆమె వేగమూ ఎత్తూ కావాలని తప్పుగా చదివేది. ఆయన ప్రతి తప్పునూ గట్టిగా పైకి చెప్పాలి. "స్పీడ్!" "హై!" "గో అరౌండ్!" గో అరౌండ్ అంటే, ఈ దిగడం సరిగా లేదు, దిగొద్దు, మళ్లీ పైకి లేపు అని.

కింది వాటాలో ఇంటి ఓనరు ఒకప్పుడు సినిమా స్టూడియోలో లైట్లు వేసిన మనిషి. ఒకరోజు మెట్ల మీద ఆపి అడిగాడు. "ఏంమా, సారు పైన దినామూ డైలాగులు చెప్తా ఉండారే, ఏం పడం?"

"యుద్ధం పడం అన్నా" అంది అక్క. "ఇంకా రిలీజు కాలే."

ఆయన పగలబడి నవ్వారు. అకాడమీలో ఆయన అలా నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు.

చివరి పరీక్షలో నెగ్గారు. శిక్షణ అయిపోయి మామూలు కో-పైలట్‌గా విమానాలెక్కారు. అవి మంచి నెలలు. దిగాక తలుపు దగ్గరికి వచ్చి ప్రయాణికులకు నమస్కారం పెట్టేవారు. కో-పైలట్లు ఎవరూ ఆ పని చెయ్యరు. ఎందుకు సార్ అంటే, "ఇన్నాళ్లూ నా వెనక ఎవురూ ఉండింది లేదమ్మా. ఉంటే చూసుకోవద్దా?" అన్నారు.

ఇక ఆ రోజు.

మా కంపెనీలో అనుభవమున్న కెప్టెన్లు ఆగేవాళ్లు కాదు. వాళ్లు పోయిన కొద్దీ కుర్రవాళ్లను తొందరగా కెప్టెన్లను చేసేవాళ్లు. అలా కెప్టెనైన ఒక అబ్బాయి ఉన్నాడు. మద్రాసు తెలుగువాళ్ల బిడ్డే. స్నేహితులతో అరవం, ఇంట్లో తెలుగు. చురుకైనవాడు, మంచివాడు కూడా. వస్తూ వస్తూ అందరికీ బజ్జీలు తెచ్చేవాడు. వాడిని దుర్మార్గుడిగా చూపిస్తే నాకు ఈ కథ చెప్పడం సులువయ్యేది. వాడికి వానాకాలం అనుభవం మాత్రం తక్కువ.

ఈశాన్య రుతుపవనాల రోజులు. దక్షిణాన సముద్రం పక్కన ఒక చిన్న ఊరు. అంతకుముందు రోజు అదే ఊళ్లో దిగలేక ఆ అబ్బాయి విమానాన్ని వెనక్కి తెచ్చాడు. మా ఆపరేషన్స్ హెడ్ వాడిని అందరి ముందూ, "వానకు భయపడేవాడు బస్సు నడుపుకోవాలి" అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం అదే ఊరు, అదే వాన. కుడిపక్క సీట్లో ఆయన.

నేను మీనంబాక్కంలో మా గదిలో నా విమానం కోసం కాచుకుని ఉన్నాను. వాళ్ల విమానం దిగకుండా తిరిగొచ్చిందని తెలిసి బయటికి వచ్చాను. ముందు ఒక చక్రాల కుర్చీ వచ్చింది. అందులో ఎయిర్ హోస్టెస్ అమ్మాయి, చెయ్యి ఛాతీకి కట్టేసి ఉంది. వెనక కెప్టెన్, మొహంలో నెత్తురు లేదు. చివర ఆయన. మామూలుగా నడుస్తున్నారు.

"ఏమైంది సార్?"

"దిగే పరిస్థితి లేదమ్మా. ఎత్తూ ఎక్కువే, వేగమూ ఎక్కువే, వెనక నుంచి గాలి, తడి రన్‌వే. గో అరౌండ్ అని చెప్పినా. పలకలే. ఇంకోసారి చెప్పినా. ముందుకే చూస్తా ఉండాడు, వాడికి నా మాట వినబడిందో లేదో కూడా తెలీదు. నువ్వు నేర్పించినట్టే, నాది కంట్రోల్ అని చెప్పి లేపినా. వాడు వదల్లేదు. ఒక్క క్షణం ఇద్దరం చెరోపక్కకు లాగినాం. ఆ కుదుపులో ఆ బిడ్డ పడింది."

రెండుసార్లు చెప్పినా కెప్టెన్ పలకకపోతే కో-పైలట్ విమానాన్ని తన చేతిలోకి తీసుకోవాలి. ఇది ఆయన సొంత తెలివి కాదు, మా నియమం. నేను అందరికీ నేర్పిన నియమం. ఆ అమ్మాయి ఎవరో ప్రయాణికుడి బెల్టు సరిచేసి తన సీటుకు పోతోంది. విమానం హడావిడిగా దిగుతోంది కాబట్టి ఆమెకు కూర్చునే వ్యవధి చిక్కలేదు. భుజం దగ్గర ఎముక విరిగింది.

కెప్టెన్ వేరేగా చెప్పాడు. తను దించగలిగేవాడినేననీ, పక్క మనిషి కంగారుపడి చేతిలోంచి లాక్కున్నాడనీ.

విచారణ మా కంపెనీలోనే పెట్టారు. విమానంలో యంత్రం వేగమూ ఎత్తూ అన్నీ రాసిపెడుతుంది. అది ఆయన చెప్పినట్టే ఉంది. నన్ను పిలిచినప్పుడు ఇక భయం లేదనే వెళ్లాను. ఆపరేషన్స్ హెడ్ కోస్తా వైపు మనిషి, మాట మెత్తగా ఉంటుంది.

"మేడమ్, ఒక్క చిన్న ప్రశ్నండీ. ఈయన శిక్షణలో మొదట్లో, చెప్పకుండా తన పాటికి తను చేసేస్తాడని మీరే అన్నారు కదా?"

"అన్నాను. మొదటి నెలలో. తర్వాత..."

"అన్నారు. అంతేగా?"

"తర్వాత మారారు సార్. ఆ రోజు చెప్పారు. రెండుసార్లు చెప్పాకే తీసుకున్నారు. ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని."

"మీ గురువుగారట కదా?" అన్నాడు, ఆప్యాయంగా.

గదిలో ఎవరూ నవ్వలేదు కానీ నా సాక్ష్యం అక్కడితో ముగిసింది. ఎందుకలా చేశారో ఇప్పుడు నాకు బాగానే అర్థమవుతుంది. తప్పు కెప్టెన్‌దని ఒప్పుకుంటే, ఇంత తొందరగా వీళ్లను కెప్టెన్లను ఎందుకు చేశారని ప్రభుత్వం అడుగుతుంది. అడిగితే సగం విమానాలు నిలబడిపోతాయి. తప్పు మోయడానికి యాభై దాటిన కొత్తవాడు ఒకడు సిద్ధంగా ఉన్నాడు. గో అరౌండ్ చేసినందుకు ఎవరినీ శిక్షించబోమని మా ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాల బోర్డు ఉండేది. దాన్ని వాళ్లు ఉల్లంఘించలేదు. ఈయన స్వభావం ఇద్దరు పైలట్ల విమానానికి సరిపడదన్నారు, ప్రొబేషన్‌లోనే తీసేశారు.

నేను అరిచాను, పైవాళ్ల దగ్గరికి వెళ్లాను. నన్ను శిక్షణ పని నుంచి తప్పించి మామూలు కెప్టెన్‌ను చేశారు. ఆయనకు ఈ విషయం తెలిసి నా మీదే కోప్పడ్డారు. "నీకు పనుండాలమ్మా. నాతో పాటు నువ్వెందుకు మునిగేది?"

ఆ తర్వాతి సంగతి అక్క చెప్పింది. ఆయన పళ్లు కొనుక్కుని మద్రాసుకు ఉత్తరాన ఉన్న మనలికి వెళ్లారట, ఆ ఎయిర్ హోస్టెస్ అమ్మాయిని చూడ్డానికి. తండ్రి అక్కడ రిఫైనరీలో కాంట్రాక్టు పని చేస్తాడు. గుమ్మం దగ్గరే ఆపేశాడు.

"నా బిడ్డ జడేసుకునేదానికి కూడా చెయ్యి లేపలేక పోతా ఉండాది. పని పోయింది. నీ వల్లే అని ఆఫీసులో అందరూ చెప్తా ఉండారు. ఇప్పుడు పండు తెచ్చినావా?"

ఈయన, రన్‌వే సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. "తప్పయిపోయిందయ్యా" అని పళ్లు అరుగు మీద పెట్టి వచ్చేశారు.

"చెప్పి ఉంటే ఆయనకు అర్థమయ్యేది కదా అక్కా?" అన్నాను.

"నేనూ అదే అడిగినా. ఆ బిడ్డ చెయ్యి విరిగింది నేను లేపినప్పుడే కదా అంటాడు. ఆయప్పతో ఎవురు వాదించేది?"

వేరే కంపెనీలకు వెళ్లారు. పాత ఉద్యోగం ఎందుకు వదిలారని ప్రతిచోటా అడిగేవాళ్లు. జరిగింది జరిగినట్టు చెప్పేవారు. మళ్లీ పిలుస్తామనేవాళ్లు. ఏదైనా కాస్త సర్ది చెప్పండి సార్ అని నేను బతిమాలాను. "అబద్ధం చెప్పి కాక్‌పిట్‌లో కూర్చుంటే, ఆడ నా మాట నేనే నమ్మను" అన్నారు. అది గొప్పగా వినిపిస్తుందని నాకు తెలుసు. ఆ ఇంట్లో ఆ సాయంత్రం అది గొప్పగా లేదు. అక్క లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మరుసటి వానాకాలం అదే అబ్బాయి, అదే ఊళ్లో, అలాగే ఎత్తుగా వేగంగా వచ్చి దించాడు. ఈసారి పక్కన కూర్చున్నది ఉద్యోగంలో చేరి కొన్ని నెలలైన పిల్ల. ఆమెకు కిందటేడు ఏం జరిగిందో తెలుసు. మా అందరికీ తెలుసు, తప్పు ఎత్తి చూపినవాడికి ఏం జరుగుతుందో. ఆ పిల్ల ఒక్కసారి చిన్నగా చెప్పి ఊరుకుంది. విమానం రన్‌వే దాటి బురదలోకి పోయింది, ముందు చక్రం విరిగింది. ఎవరి ప్రాణమూ పోలేదు. ఒక ముసలాయన మాత్రం వెన్ను దెబ్బతిని మళ్లీ లేచి నడవలేదని విన్నాను.

నేను ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. నేను చెప్పలేదా అనే హక్కు ఈ లోకంలో ఎవరికైనా ఉంటే ఆయనకే ఉంది. ఆయన అడిగింది, "ఆ పిల్లోడికి ఏమైనా అయిందా?" అని.

మెడకు పట్టీ వేశారని చెప్పాను.

ఆ మెడపట్టీతోనే ఆ అబ్బాయి వారం తిరక్కుండా కోడంబాక్కం వచ్చాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. ప్రభుత్వం విచారణ మొదలుపెట్టింది, కిందటేడు సంగతి కూడా తవ్వుతున్నారు, ఈయనను పిలిచారు. వాడు కూర్చోలేదు.

"సార్, ప్లీస్ సార్. ఆ దినం నేను చేసింది తప్పే. ఇప్పుడు మీరు ఆడ చెప్తే నా లైసెన్స్ పోతుంది. అమ్మకు నేనొకడే సార్. కొంచెం... గ్యాపకం లేదని చెప్తే చాలు సార్."

అక్క లోపలి నుంచి వచ్చి నిలబడింది. వాడిని తిడుతుందనుకున్నాను. ఆమె మంచినీళ్లు ఇచ్చింది.

ఆయన వాడి వైపు కుర్చీ జరిపారు. తర్వాత, "నీకు ఎవురూ సరిగ్గా నేర్పించలేదు నాయనా. అది నీ తప్పు కాదు" అన్నారు. "అయితే నేను ఆడ పొయ్యి గ్యాపకం లేదని చెప్తే, రేపు నీ పక్కన కూర్చునే ఇంకో పిల్ల నోరు తెరవదు."

"సార్..."

"నేను చెప్తాను నాయనా. నిన్ను తొందరగా కెప్టెన్‌ను చేసిన వాళ్లను గురించి కూడా చెప్తాను. చెప్పకుండా ఉండలేను."

వాడు ఏడ్చాడు. ఆయన వాడి వీపు మీద చెయ్యి వేసి మెట్ల దాకా దింపి వచ్చారు. వచ్చి కుర్చీలో కూర్చుని, "వాడి జీవితం కూడా నా చేతులతోనే తీస్తా ఉండానమ్మా" అన్నారు.

ఆయన వెళ్లి చెప్పారు. నేనూ చెప్పాను. విచారణలో ఆయనదేమీ తప్పు లేదని తేలింది. కిందటేడు ఆ రోజు కో-పైలట్ చేసినది నియమం ప్రకారం చెయ్యవలసినదేనని ఒక్క వాక్యం రాశారు. ఆ అబ్బాయి లైసెన్స్ పోయింది. కంపెనీ మూతపడింది. ఆపరేషన్స్ హెడ్ మరో ఊళ్లో మరో కంపెనీలో అదే పదవిలో చేరాడు. మా మెకానిక్కులు, ఎయిర్ హోస్టెస్‌లు, టికెట్లిచ్చే పిల్లలు, అందరం రోడ్డున పడ్డాం. నిజం బయటపడితే న్యాయం జరుగుతుందని చిన్నప్పుడు మీకూ నాకూ చెప్పినవాళ్లు ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్పలేదు.

మరుసటి ఏడాది ఇంకో చిన్న కంపెనీ మద్రాసు నుంచి మొదలవబోతోందని తెలిసింది. విచారణ నివేదిక చదివిన వాళ్ల మనిషి స్వయంగా ఫోన్ చేసి, మీ సార్‌ను కూడా రమ్మనండి అన్నాడు. ముందు వైద్య పరీక్ష కావాలి. ఆయన పాత పరీక్ష గడువు దాటిపోయింది. ఇద్దరికీ ఒకే రోజు పెట్టించాను. డాక్టరు తాంబరం దగ్గర. పొద్దున్నే కోడంబాక్కం వెళ్లేసరికి ఆయన గడ్డం గీసుకుని, తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని సిద్ధంగా ఉన్నారు. అక్క నా చెయ్యి పట్టుకుని, "తీసుకోని పో తల్లీ" అంది.

స్టేషన్ దాకా మాట్లాడుకుంటూనే నడిచాం. కొత్త విమానాలు ఏవి, ఏ ఊళ్లకు పోతాయి అని అడిగారు. ప్లాట్‌ఫాం మీద బెంచీలో కూర్చున్నాం. తాంబరం బండి వచ్చింది. నేను లేచాను. ఆయన లేవలేదు. ఏదో ఆలోచనలో ఉన్నారనుకుని నేనూ మళ్లీ కూర్చున్నాను. బండి పోయింది. ఇంకోటి వచ్చింది. అదీ పోయింది.

"సార్, ఒంట్లో బాగాలేదా?"

"బాగుండానమ్మా."

"టైమవుతోంది సార్."

ఆయన పట్టాల వైపు చూస్తూ నెమ్మదిగా మాట్లాడారు. "రాత్రంతా అదే ఆలోచన. మళ్లీ ఆ సీట్లో కూర్చుంటా. పక్కనోడు తప్పు చేస్తాడు. అప్పుడు నేను చెప్తానా, చెప్పనా?" నా వైపు తిరిగారు. "ముందైతే నాకు తెలుసు. ఇప్పుడు తెలీదమ్మా. ఒక్క క్షణం ఆగుతానేమో. ఆ బిడ్డ చెయ్యి, వీడి ఏడుపు, అన్నీ గుర్తొస్తాయి. ఆ ఒక్క క్షణం ఆగేవాడు ఆ సీట్లో కూర్చోగూడదు."

"మీరు ఆగరు సార్. నాకు తెలుసు."

"నీకెట్ట తెలుసు? నాకే తెలీదే."

ఇంకో బండి వచ్చి ఆగింది. జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు.

"ఎక్కమ్మా" అన్నారు. నేను కదల్లేదు. అప్పుడాయన, ఇన్నేళ్ల తర్వాత, అకాడమీలో మాట్లాడినట్టు గట్టిగా, ఇంగ్లీషులో, నన్ను నా పాత ర్యాంకుతో పిలిచి బండి ఎక్కమని ఆర్డర్ వేశారు. నా కాళ్లు వాటంతట అవే లేచి ఎక్కేశాయి.

ఆయన బెంచీ మీదే ఉండిపోయారు. ఆ రోజు వైద్య పరీక్షలో నేను నెగ్గాను.